బోర్డు మార్చే ముందు ఆఖరి పది నిమిషాలు మిషన్ పక్కన నిలబడండి

అన్నా, మీరు చెప్పింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే సగం జవాబు అందులోనే ఉంది. ఆరున్నర కిలోల టాప్‌లోడ్ ఫుల్లీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్, 2013లో కొన్నది. మూడు నెలల కింద చిత్తూరులోనే గ్రీమ్స్‌పేటకు ఇల్లు మారారు. దాదాపు అప్పటి నుంచి దుప్పట్లు, జీన్స్ తీస్తే నీళ్లు కారుతున్నాయి, చొక్కాలు, చుడీదార్లు మాత్రం చాలాసార్లు బాగానే వస్తున్నాయి. స్పిన్ మొదలవగానే దడదడ కొట్టుకుని, ఆగి, మళ్లీ నీళ్లు పట్టుకుంటోంది. ఒక మెకానిక్ వచ్చి కాసేపు చూసి బోర్డు (మిషన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్), మోటారు రెండూ పోయాయి, ఇంత పాత మిషన్‌కు అంత ఖర్చెందుకు, కొత్తది కొనుక్కోండి అన్నాడు. కొనాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనొద్దు. నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, కొర్లగుంట వైపు చిన్న షాపు. మీ మిషన్ చూడకుండా నూటికి నూరు పాళ్లు చెప్పలేను గానీ, మీరు రాసిన లక్షణాలకూ బోర్డుకూ పొంతన కుదరడం లేదు. బోర్డుకు చొక్కా ఏదో దుప్పటి ఏదో తెలియదు కదా. బోర్డు పోతే సాధారణంగా మిషన్ ఆన్ కాదు, లేదా మధ్యలో ఆరిపోతుంది, లేదా అన్ని బట్టలకీ ఒకేలా మొండికేస్తుంది. తేలికవి పిండి బరువువి వదిలేస్తోందంటే జబ్బు ఇంకెక్కడో ఉంది.

ఇంకో మాట. కొట్టుకుని, ఆగి, మళ్లీ నీళ్లు పట్టుకోవడం చూసి చాలామంది మిషన్‌కు పిచ్చి పట్టింది అనుకుంటారు. అది పిచ్చి కాదు, జాగ్రత్త. బట్టలన్నీ ఒక పక్కకి చేరితే డ్రమ్ము పక్కలకి ఊగి మిషన్ గోడకి తగులుతుంది, అక్కడుండే స్విచ్చో సెన్సరో అది గమనించి స్పిన్ ఆపేస్తుంది. నీళ్లు పట్టి బట్టల్ని కాస్త కలిపి సర్ది మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండు మూడుసార్లు చూసి కుదరకపోతే కొన్ని మిషన్లు బీప్ కొట్టి ఆగిపోతాయి, కొన్ని తక్కువ వేగంతో ఏదో తిప్పాననిపించి ముగించేస్తాయి. ఎల్‌జీ మిషన్లలో అప్పుడు యూఈ అని కనిపిస్తుంది, బరువు సమంగా లేదని దానర్థం. అదే ఓఈ అని వస్తే నీళ్లు బయటికి పోవడం లేదని. మీ మిషన్ ఏ కంపెనీదో రాయలేదు. డిస్‌ప్లే మీద ఏం వస్తోందో ఒకసారి చూసి రాసుకోండి, ఆ రెండక్షరాలు నాలాంటి వాడికి అరగంట పని తగ్గిస్తాయి.

నా కస్టమర్లందరికీ చెప్పే మాట మీకూ చెబుతున్నా. ఎవరినీ పిలవకముందు ఒక్కరోజు ఆఖరి పది నిమిషాలు ఆ మిషన్ పక్కనే నిలబడండి, ఫోను చూడకుండా. "బట్టలు పిండలేదప్పా, నీళ్లు కారతానే ఉండాయి" అని ఫోన్ చేస్తారు, అది మూడు వేర్వేరు జబ్బులకి ఒకటే పేరు. ఒకటి, నీళ్లే సరిగ్గా బయటికి పోవడం లేదు. రెండు, నీళ్లు పోతున్నాయి, డ్రమ్ము అసలు తిరగడం లేదు. మూడు, డ్రమ్ము తిరుగుతోంది కానీ పూర్తి వేగం అందుకోవడం లేదు. ఈ మూడింటిలో మీది ఏదో తేలకుండా ఏ పార్టు మార్చినా అది గుడ్డిలో రాయి విసరడమే. పైన రాసినదాన్ని బట్టి మీది మూడోదని నా అనుమానం, ఇల్లు మారారు కాబట్టి మొదటిది కూడా కొంత కలిసి ఉండొచ్చు.

వేగం మీద ఇంత పట్టు ఎందుకంటే, టాప్‌లోడ్ డ్రమ్ము స్పిన్‌లో నిమిషానికి సుమారు 700 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో డ్రమ్ము గోడకి అతుక్కున్న బట్టలోని నీటి చుక్క మీద దాని బరువుకి 120 రెట్ల బలం పడుతుంది, అందుకే అది చిల్లుల్లోంచి బయటికి పోతుంది. వేగం సగానికి పడితే బలం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే 350 చుట్ల దగ్గర 30 రెట్లే. పైనుంచి చూస్తే రెండూ గిర్రున తిరుగుతున్నట్టే ఉంటాయి, కంటికి తేడా తెలియదు, బట్ట తీసినప్పుడే తెలుస్తుంది. సెమీ ఆటోమేటిక్ నుంచి టాప్‌లోడ్‌కు మారిన ఇళ్లలో "పాతదే బాగా పిండేది" అని అంటుంటారు, అందులో నిజముంది. సెమీలో ఆ చిన్న స్పిన్ డబ్బా 1300, 1400 చుట్లు తిరుగుతుంది. డబ్బా చిన్నదైనా బలం టాప్‌లోడ్‌కు దాదాపు రెట్టింపు పడుతుంది. కాబట్టి టాప్‌లోడ్ నుంచి బట్టలు కాస్త చెమ్మగా రావడం మామూలే, దాన్ని రిపేరు అనుకోకూడదు.

చెమ్మకీ తడికీ తేడా ఎలా తెలుస్తుందంటారా, తూకం వేయండి. పాత పేపర్లవాడి దగ్గరుండే కొక్కెం కాటా లాంటిది ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంటోంది, ప్రయాణాలకి సూట్‌కేసు తూచుకునేది. అది లేకపోతే మనుషులు ఎక్కే కాటా మీద బకెట్ పట్టుకుని నిలబడి మీ బరువు తీసేసినా సరే. పొడి నూలు బట్టలు 3 కిలోలు తూచి వేయండి. ఉతుకు అయ్యాక అవే బట్టలు తూచండి. నా అనుభవంలో బాగున్న టాప్‌లోడ్ నుంచి అవి 5, 6 కిలోల మధ్య బయటికొస్తాయి. ఏడు వైపు పోతుంటే మిషన్ పిండడం లేదన్నమాట. యూరప్‌లో మిషన్ల లేబుల్ మీద ఇచ్చే స్పిన్ గ్రేడు కూడా ఈ లెక్కే, పొడి బరువులో మిగిలిన నీళ్లు 45 శాతం లోపుంటే ఏ గ్రేడు. అది మంచి ఫ్రంట్‌లోడ్‌లకి దక్కేది, మన టాప్‌లోడ్‌కు ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఈ తూకం ఇంకో అపోహ కూడా తీరుస్తుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ మూడు నెలలు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది, అందులో చాలావాటికి మిషన్‌లో ఏ లోపమూ ఉండదు, గాలిలో తేమ ఉండి బాల్కనీలో బట్టలు ఆరవు, తిట్లు మిషన్‌కు పడతాయి. మీ దుప్పట్ల నుంచి నీళ్లు కారుతున్నాయంటే అది వాతావరణం కాదు, సరే. అయినా తూచండి. రిపేరుకి ముందొకసారి, తర్వాత ఒకసారి. మెకానిక్ బాగైపోయింది అన్నప్పుడు మీ చేతిలో ఒక అంకె ఉంటుంది.

ఇక ఇల్లు మారడం సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

మొదట డ్రెయిన్ పైపు చూడండి. మన దగ్గర దొరికే చాలా టాప్‌లోడ్‌లలో నీళ్లు తోసే పంపు ఉండదు, వాల్వు తెరుచుకుంటే నీళ్లు పల్లానికి వాటంతట అవే పోవాలి. కాబట్టి పైపు నేల మీదే పడుకుని ఉండాలి. కొత్త ఇంట్లో మిషన్ వరండాలో పెట్టి పైపుని బాత్‌రూమ్ గడప మీదుగా ఎక్కించి లోపలికి వేశారా? సింక్ పైపులోకి పైనుంచి దూర్చారా? పొడవు చాలక ఇంకో పైపు అతికించారా? ఈ మూడింటిలో ఏది చేసినా డ్రమ్ము అడుగున నీళ్లు నిలబడిపోతాయి, స్పిన్‌లో డ్రమ్ము ఆ నీళ్లని చిలుకుతూ తిరుగుతుంది, వేగం రాదు. తిరుచానూరు రోడ్డులో ఒక ఇంట్లో ఇలాగే ఏడాది పాటు ఇబ్బంది పడ్డారు, నాకంటే ముందు వచ్చినవాళ్లు వాల్వు తెరిచే డ్రెయిన్ మోటారు ఒకటి, బోర్డు ఒకటి మార్చి వెళ్లారు. చివరికి చూస్తే బాత్‌రూమ్‌లో కొత్త టైల్స్ వేసినప్పుడు నేల రెండంగుళాలు పైకి వచ్చింది, పైపు చివర టైల్‌కి ఆనుకుని మూతి సగం మూసుకుపోయింది. పైపు చివర నాలుగు వేళ్ల మేర కోసేశాను, అంతే. ఆ రోజు డబ్బులు అడగడానికి నాకే మొహమాటం వేసింది, తీసుకున్నాననుకోండి.

పరీక్ష సులువే. బట్టలు లేకుండా సగం నీళ్లు పట్టించి, డ్రెయిన్ మాత్రమే నడిపించి, పైపు చివర నేల మీద వదిలి చూడండి. నీళ్లు గబగబా ధారగా, పైపు నిండుగా రావాలి. డ్రమ్ము రెండు మూడు నిమిషాల్లో ఖాళీ కావాలి. సన్నగా, కాలు కడుక్కునే ధారలా వస్తుంటే వాల్వులోనో పైపులోనో ఏదో ఇరుక్కుంది. పిన్నీసులు, చిల్లర, పిల్లల సాక్సు, చేతి రుమాలు, బొట్టు బిళ్లలు, ఇవన్నీ నేను తీసినవే. తిరుపతిలో ఇంకో ప్రత్యేకమైన చెత్త ఉంది. ఇక్కడ ఇల్లు ఉందంటే ఏడాది పొడవునా దర్శనానికి చుట్టాలు దిగుతూనే ఉంటారు. కొండ మీద గుండు చేయించుకుని వచ్చి ఆ బట్టలన్నీ, గంధం అంటిన తువ్వాళ్లతో సహా, మన మిషన్‌లో పడేస్తారు. ఆ సన్నటి వెంట్రుక ముక్కలు గంధంతో కలిసి, నూలు పొట్టు పట్టే లింట్ ఫిల్టరు జాలీలో పేస్టులా పట్టేస్తాయి, వాల్వు రబ్బరు కిందకీ చేరతాయి. చిత్తూరు నుంచి కొండకి ఎంత దూరమని, మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

రెండోది మట్టం. మిషన్ నాలుగు కాళ్లూ నేలకి ఆనాలి. రెండు చేతులతో ఎదురెదురు మూలలు పట్టుకుని నొక్కి చూడండి, కొంచెం కూడా కదలకూడదు. పైన గ్లాసుతో నిండుగా నీళ్లు పెట్టినా వాలు తెలిసిపోతుంది. బాల్కనీల్లో నీళ్లు పోవడానికి నేల వాలుగా వేస్తారు, అక్కడ పెట్టారంటే కాళ్లు తిప్పి సరిచేయాల్సిందే. ఎలుకలకీ తడికీ భయపడి చక్రాల స్టాండ్ మీద ఎక్కించారా? చక్రాల స్టాండ్ నాకు అస్సలు నచ్చదు. స్పిన్‌లో మిషన్‌తో పాటు అదీ ఊగుతుంది, ఊపు ఎక్కువై మిషన్ తనంతట తానే ఆగిపోతుంది. ఎలుకల భయం ఉంటే అడుగున జాలీ బిగించుకోండి, స్టాండ్ కావాలంటే చక్రాలు లేనిది, కాళ్లకు లాక్ ఉన్నది తీసుకోండి.

మట్టం, పైపు రెండూ సరిగ్గా ఉన్నా దుప్పటికి కొట్టుకుంటోందంటే, నేను మొదట అనుమానించేది సస్పెన్షన్ రాడ్లని. డ్రమ్ముతో ఉన్న పెద్ద టబ్బు నేల మీద కూర్చుని ఉండదు, నాలుగు మూలల నుంచి నాలుగు రాడ్ల మీద ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుంది. ఆ రాడ్ల కింద స్ప్రింగు, గ్రీజు పట్టిన ప్లాస్టిక్ గిన్నెలాంటిది ఉంటాయి, ఊపుని అణచడం దాని పని. పదేళ్లు దాటితే ఆ గ్రీజు ఎండిపోతుంది, ప్లాస్టిక్ అరుగుతుంది, రాడ్డు పట్టు వదిలేస్తుంది. చొక్కాల బరువుకి తట్టుకుంటుంది, తడి దుప్పటి ఒక పక్కకి చేరితే టబ్బు వెళ్లి గోడకి గుద్దుకుంటుంది. మీ మిషన్‌కు పన్నెండేళ్ల పైమాటే. పైగా ఇల్లు మారినప్పుడు ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లి ఉంటే ఒక రాడ్డు దాని గాడిలోంచి జారి ఉండొచ్చు కూడా, అలాంటివి చూశాను.

చూడటం ఎలాగంటే, ప్లగ్ తీసేసి మూత తెరిచి, డ్రమ్ము అంచుని అరచేతితో గట్టిగా కిందకి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి నిలబడిపోవాలి. స్ప్రింగు బొమ్మలా మూడు నాలుగుసార్లు ఊగిందంటే రాడ్లు అయిపోయాయి. డ్రమ్ముకీ పై అంచుకీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో కూడా చూడండి. ఒక మూల కుంగి కనిపిస్తే ఆ మూల రాడ్డే. మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చాలి. పాత మూడింటి మధ్య కొత్తది ఒకటి పెడితే మిగతా మూడూ దాన్ని ఈడ్చుకుపోతాయి. కొన్ని కంపెనీల సెట్టులో ముందువి వెనకవి వేర్వేరుగా, రంగు తేడాతో వస్తాయి, తారుమారు చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

రాడ్లు వేయించేదాకా దుప్పటి ఒంటరిగా వేయకండి. ఒక పెద్ద దుప్పటి ముద్దయి ఒక పక్కన కూర్చుంటుంది, రెండు వేస్తే ఎదురెదురుగా సర్దుకుంటాయి. డోర్ మ్యాట్ ఒక్కటే వేయడం ఇంకా ఘోరం. రెయిన్‌కోటు, చంటిపిల్లల కింద వేసే రబ్బరు షీటు లాంటివి మాత్రం ఎప్పటికీ స్పిన్‌కు వేయొద్దు, రాడ్లు బాగున్నా సరే. అవి నీళ్లని సంచిలా పట్టుకుని, మంచి వేగంలో ఉండగా ఒక్కసారిగా వదులుతాయి, ఆ దెబ్బకి డ్రమ్ము ఎగిరి మిషన్ పైకప్పు విరిగిన కేసులున్నాయి.

ఇప్పుడు నీళ్ల సంగతి. కొత్త ఇంట్లో బోరు నీళ్లా, మున్సిపాలిటీ నీళ్లా? రెండూ వస్తాయంటే ఇంకా జాగ్రత్త. మా తిరుపతిలో కల్యాణి డ్యామ్ నీళ్లు, కండలేరు నుంచి తెలుగు గంగ నీళ్లు వస్తాయి, కుళాయి రాని రోజు బోరు వేస్తారు. బోరు ఉప్పు నీళ్లకి పౌడరు నురగ రాదు, అందుకని ఆడవాళ్లు ఇంకో చెంచా వేస్తారు, అది అలవాటైపోతుంది. కుళాయి నీళ్లు వచ్చిన రోజు కూడా అదే కొలత. అప్పుడు నురగ పొంగి లోపలి డ్రమ్ముకీ బయటి టబ్బుకీ మధ్య సందంతా నిండిపోతుంది. నురగ మెత్తగా కనిపిస్తుంది గానీ స్పిన్‌లో అది బ్రేకు లాంటిది, డ్రమ్ముని తిరగనివ్వదు. బట్టలు పిండలేదు, జిడ్డుగా కూడా ఉన్నాయి అంటే ముందు నేను పౌడరు డబ్బా చూస్తాను. చేత్తో ఉతికే పౌడరు మిషన్‌లో వేస్తుంటే ఇక చెప్పక్కర్లేదు. ఒకసారి పౌడరు లేకుండా, పోయినసారి ఉతికిన బట్టలే వేసి ఉత్త నీళ్లతో నడిపి చూడండి. అప్పుడు కూడా నురగ వస్తోందంటే మీరు ఇన్నాళ్లూ ఎంత ఎక్కువ వేస్తున్నారో అర్థమవుతుంది.

బోరు నీళ్లు చేసే ఇంకో పని, తెల్లటి సున్నంలా లోపలంతా పేరుకోవడం. పల్సేటర్, అంటే అడుగున తిరిగే ప్లేటు, విప్పి చూస్తే మీకు అన్నం సయించదు. సున్నం, సబ్బు జిడ్డు, నూలు పొట్టు కలిసి అట్ట కట్టి ఉంటాయి. నెలకోసారి డీస్కేలింగ్ పౌడరో, కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పో వేసి బట్టల్లేకుండా టబ్ క్లీన్ నడపండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, నిమ్మ ఉప్పు వేసిన రోజు బ్లీచింగ్ గానీ, బట్టలు తెల్లబరిచే ద్రవం గానీ కలపకూడదు, విషవాయువు పుడుతుంది, ఇరుకు బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది.

ఈ జిడ్డు వల్లే ఇంకో వింత జరుగుతుంది, బోర్డు పోయింది అనే మాట ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది. టబ్బు అడుగు నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం పైన ఉండే ప్రెషర్ సెన్సర్‌కు వెళుతుంది. నీళ్లు ఎక్కితే గొట్టంలో గాలి నొక్కుకుంటుంది, దాన్ని బట్టి బోర్డుకు నీళ్లెంత ఉన్నాయో తెలుస్తుంది. ఆ గొట్టం మూతి దగ్గర జిడ్డు అడ్డుపడితే నీళ్లన్నీ పోయినా గాలి లోపలే చిక్కుకుని, టబ్బులో ఇంకా నీళ్లున్నాయని బోర్డు నమ్ముతూ ఉంటుంది. నీళ్లున్నాయంటే స్పిన్ ఇవ్వదు మరి. బోర్డు అబద్ధం చెప్పడం లేదు, దానికే అబద్ధం అందుతోంది. మెకానిక్ గొట్టం ఊడదీసి, సెన్సర్ వైపు కాకుండా టబ్బు వైపు గట్టిగా ఊదితే చాలాసార్లు పనైపోతుంది. మీ మిషన్ అప్పుడప్పుడు బాగా పిండుతోంది కాబట్టి ఇది మీ కేసు కాకపోవచ్చు, కానీ బోర్డు మారుస్తానన్నవాడిని ఈ గొట్టం చూశావా అని అడగండి. ముఖంలోనే జవాబు తెలుస్తుంది.

మోటారు నిజంగా బలహీనపడిందేమో అన్న అనుమానం కూడా తీర్చుకుందాం. అదే అయితే దడదడ ఉండదు. డ్రమ్ము నెమ్మదిగా, బద్ధకంగా మొదలై, హమ్ అని మూలుగుతూ వేగం అందుకోలేకపోతుంది. అప్పుడు కూడా మోటారు కంటే ముందు కండెన్సర్ చూడాలి. బెల్టు ఉండే మామూలు మోటారైతే దాని పక్కనే డబ్బాలా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గి మోటారుకి ఊపు చాలదు. వందల్లో అయిపోయే పని. బెల్టు సాగినా ఇంతే, మిషన్ కింద నల్లటి పొడి రాలి ఉంటుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది. పాత బెల్టు మీద ఉన్న నంబరు చూసి అదే నంబరు వేయించుకోండి, సరిపోతుందిలే అని దగ్గర సైజు వేస్తే మళ్లీ జారుతుంది. మోటారు నేరుగా డ్రమ్ముకి బిగించి ఉండే ఇన్వర్టర్ డైరెక్ట్ డ్రైవ్ అయితే ఈ బెల్టు, కండెన్సర్ గొడవ ఉండదు.

స్పిన్ టైములో కింద ప్లేటు మాత్రం తిరుగుతూ డ్రమ్ము కదలకపోతే క్లచ్, అంటే మోటారు తిప్పుడుని డ్రమ్ముకి అందించే భాగం, చూడాలి. డ్రెయిన్ మోటారు ఒకేసారి రెండు పనులు చేస్తుంది, వాల్వు తెరుస్తుంది, క్లచ్ మీటని లాగుతుంది. అది సగమే లాగితే నీళ్లు పోతాయి గానీ డ్రమ్ముకి పట్టు అందదు. మీకు ఇది లేదనే అనుకుంటున్నా.

వోల్టేజి కూడా చూసుకోండి, ముఖ్యంగా ఎండాకాలం సాయంత్రాలు ఉతికేవాళ్లు. 230 ఉండాల్సింది 180కి పడితే, మామూలు ఇండక్షన్ మోటారు తిప్పే బలం దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. అదే మిషన్ తెల్లవారుజామున బాగా పిండి సాయంత్రం పిండకపోతే మెకానిక్‌ని కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతుంటే ఇవాళే మానేయండి.

మీ ఇంట్లో సెమీ లేదు, అయినా ఇది చదివే వాళ్లలో సగం మందికి అదే ఉంటుంది కాబట్టి రెండు ముక్కలు. స్పిన్ మూత వేస్తే బ్రేకు వదిలేసి, డబ్బా గాలికి తిరిగినట్టు తిరగాలి. మూత తెరిస్తే బ్రేకు పట్టాలి. బ్రేకు తీగ సాగిపోయి బ్రేకు కట్ట డబ్బాని వదలకుండా రాసుకుంటుంటే మోటారు ఏం చేస్తుంది పాపం, ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వేడెక్కి ఆగిపోతుంది. డబ్బా అడుగున సీల్ పోతే నీళ్లు నేరుగా కింద మోటారు మీద పడతాయి, అది తుప్పు పట్టి బిగుసుకుంటుంది, సీల్ ఖర్చుతో పోయేది మోటారు ఖర్చవుతుంది. ఇంకా, బట్టల మీద వేసే జాలీ మూత పారేశాం అంటుంటారు. పారేయకండి, పైన బట్ట ఎగిరి డబ్బాకీ గోడకీ మధ్య చిక్కుకునేది అది లేకే.

ఫ్రంట్‌లోడ్ వాళ్లు అన్నిటికంటే ముందు కింద మూలన ఉండే పంపు ఫిల్టరు తీసి కడగండి, తీసే ముందు కింద వెడల్పాటి పళ్లెం పెట్టుకోండి, లేకపోతే ఇల్లంతా నీళ్లే.

అందరికీ వర్తించే ఇంకోటి, ప్రోగ్రామ్ చూసుకోండి. శారీ, డెలికేట్, ఉన్ని లాంటివి పెడితే స్పిన్ కావాలనే నెమ్మదిగా, తక్కువసేపు ఉంటుంది. బటన్ ఎవరో మార్చేసి నెల రోజులు అలాగే ఉతికిన ఇళ్లు నాకు లెక్కలేనన్ని తెలుసు, అందులో మా ఇల్లు ఒకటి.

ఇక కొనాలా వద్దా. నేను కొత్తది కొనుక్కోండి అని చెప్పేది రెండు సందర్భాల్లో. డ్రమ్ము చేత్తో తిప్పితే గర్రుమని ఇసుక నలిగినట్టు శబ్దం, బట్టల మీద గోధుమ రంగు గ్రీజు మరకలు, మిషన్ కింద తుప్పు నీళ్లు. ఇవి కలిసి కనబడితే బేరింగు, సీలు పోయినట్టు. ఆ పని వేలల్లో ఉంటుంది, పన్నెండేళ్ల మిషన్‌లో మొత్తం విప్పితే ఇంకేవో విరుగుతాయి. రెండోది, ఎప్పుడైనా వరద నీళ్లలో మునిగి ఉంటే. 2021 నవంబరు వానలకి తిరుపతిలో చాలా వీధులు మునిగాయి, ఆ నీళ్లలో నిలబడిన మిషన్లు ఆరబెట్టాక నడిచాయి, తర్వాత ఒక్కొక్కటిగా మోటారో బేరింగో పట్టేసి నా దగ్గరికే వచ్చాయి. మీది ఈ రెండూ కాకపోతే రాడ్ల సెట్టు, ఒక పూట కూలి పెట్టి ఇంకో మూడు నాలుగేళ్లు లాగొచ్చు. బోర్డే మార్చాలని ఇంకా పట్టుబడితే, ముందు పాత బోర్డు మీ చేతికి ఇమ్మనండి, బోర్డులు బాగుచేసే షాపులో చూపించండి, చాలావరకు రిలేనో చిన్న భాగమో మార్చితే లేచి కూర్చుంటుంది.

మీరు చేత్తో చేసుకునేవి పైపు, మట్టం, ఫిల్టరు, నొక్కి చూడటం, తూకం వరకే. వెనక పలక విప్పే పని పెట్టుకోకండి. ప్లగ్ తీసినా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, కొడితే మామూలుగా ఉండదు. తడి కాళ్లతో అసలే వద్దు.

ఈ ఆదివారం పైపు నేల మీద పరిచి, కాళ్లు సరిచేసి, రెండు దుప్పట్లు కలిపి ఒకసారి ఉతకండి. అప్పటికీ దడదడ మానకపోతే డ్రమ్ము నొక్కి వదిలితే ఎన్నిసార్లు ఊగిందో, తడి బరువు ఎంతొచ్చిందో, డిస్‌ప్లే మీద ఏ అక్షరాలు కనిపించాయో చెప్పండి, మిషన్ మోడల్ నంబరుతో సహా. రాడ్ల సెట్టు ఆ నంబరు లేకుండా తెప్పిస్తే పొడవు తేడా వస్తుంది.